క్రేఫిష్ పిల్లల పోషణ: గుళిక మేత కంటే ముందు చెరువు

మంచినీటి క్రేఫిష్ పెంపకాన్ని గురించిన చర్చ ఎక్కడ మొదలైనా తొలి ప్రశ్న సాధారణంగా ఒకటే: పిల్లలకు వేసే మేతలో మాంసకృత్తులు ఎంత శాతం ఉండాలి? రొయ్యల సాగులో స్థిరపడిన ఆలోచనా విధానమే ఈ ప్రశ్నకు మూలం. అడిగే రైతుకు ఒక అంకె కావాలి. సమాధానం చెప్పవలసిన శాస్త్రవేత్తకు ఆ అంకె ప్రచురిత పరిశోధనలలో దొరుకుతుంది. రెడ్‌క్లా జాతి క్రేఫిష్ పిల్లలకు సుమారు 30 నుంచి 35 శాతం మాంసకృత్తులు గల మేత సరిపోతుందని పలు ప్రయోగాలు సూచించాయి. ఆ అంకెలో తప్పు లేదు. అయితే తల్లిని విడిచిన తొలి వారాలలో పిల్ల బ్రతుకును, పెరుగుదలను ప్రధానంగా నిర్ణయించేది అది కాదు. మట్టి చెరువులో ఆ దశ పిల్ల తినేది ఎక్కువగా ఆ చెరువులోనే పుట్టిన ఆహారం. దానిని ముందుగా సిద్ధం చేయకుండా సంచిలోని మేతను ఎన్నిమార్లు మార్చినా ప్రయోజనం స్వల్పమే.

ఈ విషయం తెలుగు ప్రాంతాలకు దూరమైనదిగా తోచవచ్చు. భారత ఉపఖండపు నదులలో, చెరువులలో క్రేఫిష్ జాతులేవీ సహజంగా లేవు. అయినప్పటికీ దీనిని పరిశీలించడానికి రెండు కారణాలున్నాయి. అలంకార చేపల వ్యాపారం ద్వారా కొన్ని క్రేఫిష్ జాతులు దేశంలో ఇప్పటికే చేతులు మారుతున్నాయి. వాటి పెంపకం గురించి అడిగేవారికి విస్తరణ శాస్త్రవేత్త శాస్త్రబద్ధమైన సమాధానం చెప్పవలసి ఉంటుంది. రెండవది, క్రేఫిష్ పిల్లల పోషణలో ఇతర దేశాలు నేర్చుకున్న పాఠం నెల్లూరు, కృష్ణా, గోదావరి మండలాలలోని నీలకంఠ రొయ్య నర్సరీలకు కూడా చాలావరకు వర్తిస్తుంది.

పిల్ల స్వభావం

నీలకంఠ రొయ్య గుడ్డు నుంచి వెలువడేది డింభకం. అది ఉప్పు కలిసిన నీటిలో పదకొండు దశలు దాటిన తర్వాతనే పిల్ల రొయ్యగా మారుతుంది. అందువల్ల దానికి హేచరీ, ఆర్టీమియా, నిత్య పర్యవేక్షణ తప్పనిసరి. క్రేఫిష్‌కు ఈ డింభక దశ లేదు. తల్లి తన పొట్ట కింద గుడ్లను మోస్తుంది. రెడ్‌క్లాలో ఒక్కొక్క కాన్పుకు సాధారణంగా కొన్ని వందల గుడ్లు ఉంటాయి. గుడ్డు పగిలిన తర్వాత కూడా పిల్ల తల్లిని అంటిపెట్టుకొని, తనలో నిల్వ ఉన్న పచ్చసొన పోషకాలతోనే తొలి రెండు దశలు గడుపుతుంది. మూడవ దశకు చేరే నాటికి అది పెద్ద క్రేఫిష్‌కు నమూనా వలె ఉంటుంది. అప్పుడే స్వతంత్రంగా తిరగడం, తినడం ప్రారంభిస్తుంది. ఆనాటి దాని బరువు సుమారు 0.02 గ్రాము.

ఆకారంలో పెద్దదానిని పోలి ఉన్నప్పటికీ ఆహారంలో పిల్ల పెద్దదాని వంటిది కాదు. పెద్ద క్రేఫిష్ కుళ్లుతున్న ఆకులు, మొక్కల భాగాలు, నాచు, నత్తలు, పురుగులు, చనిపోయిన జీవులు వంటి వాటిలో ఏది దొరికినా తింటుంది. పిల్లలు జంతు ప్లవకాలను, ఎర్ర పురుగుల వంటి కీటక డింభకాలను, అడుగున ఉండే ఇతర సూక్ష్మ జీవులను ఎక్కువగా ఆశ్రయిస్తాయి. పెరుగుదల వేగంగా ఉండే దశలో మాంసకృత్తుల అవసరం అధికం. ఆ అవసరాన్ని చిన్న జీవులే తీర్చగలవు. రెడ్‌క్లా జీర్ణవ్యవస్థ సెల్యులోజును విడగొట్టగల ఎంజైమును స్వయంగా తయారుచేసుకోగలదని 1999లో ప్రచురితమైన జన్యు పరిశోధన వెల్లడించింది. అయితే ఆకును జీర్ణం చేసుకోగలగడం వేరు, ఆకు మీదనే వేగంగా పెరగగలగడం వేరు.

మరికొన్ని పోషకాల విషయమూ గమనించదగినదే. క్రేఫిష్ సహా క్రస్టేషియన్లు కొలెస్టరాల్‌ను తమ శరీరంలో మొదటి నుంచి నిర్మించుకోలేవు. అది ఆహారం ద్వారానే అందవలసి ఉంటుంది. కుబుసం విడిచే ప్రక్రియను నడిపే హార్మోనుకు ఆధారం ఆ కొలెస్టరాలే. పిల్లలు తరచుగా కుబుసం విడుస్తాయి కనుక కాల్షియం అవసరం కూడా ఎక్కువ. కుబుసం విడిచే ముందు క్రేఫిష్ కొంత కాల్షియాన్ని తన జీర్ణాశయంలో చిన్న రాళ్ల రూపంలో దాచుకుంటుంది. తర్వాత నీటి నుంచి తీసుకుంటుంది, విడిచిన పెంకును తిని కూడా కొంత రాబట్టుకుంటుంది. అంటే పోషణ అనేది మేత, నీరు, నేల మూడింటి ఉమ్మడి వ్యవహారం. సంచి మీద ముద్రించిన మాంసకృత్తుల శాతం వీటిలో ఒక్క భాగాన్ని మాత్రమే తెలుపుతుంది.

లెక్క చెప్పే సంగతి

వెయ్యి చదరపు మీటర్ల నర్సరీ చెరువులో పదివేల పిల్లలను వదిలారని అనుకుందాం. ఒక్కొక్కటి 0.02 గ్రాము చొప్పున అన్నింటి బరువు 200 గ్రాములు. శరీర బరువులో రోజుకు 10 శాతం చొప్పున మేత వేయాలన్న సూచనను పాటిస్తే, ఆ చెరువంతటికీ రోజుకు వేయవలసిన మేత 20 గ్రాములు. రెండు మిల్లీమీటర్ల గుళిక ఒక్కొక్కటి సుమారు 10 మిల్లీగ్రాములు తూగుతుంది. అనగా రెండు వేల గుళికలు. ఐదు పిల్లలకు ఒక్క గుళిక, అది కూడా చదరపు మీటరుకు రెండేసి చొప్పున పడి ఉంటుంది. చదరపు మీటరుకు పది చొప్పున చెదిరి, చీకటి తావులలో దాగి, బహు కొద్ది దూరమే తిరిగే ఈ పిల్లలలో ఎన్నింటికి ఆ గుళిక కనబడుతుంది?

గుళికను మరింత చిన్న నలుసులుగా చేస్తే పంపిణీ కొంత మెరుగవుతుంది. కానీ నలుసు చిన్నదయ్యే కొద్దీ నీటిలో కరిగే విటమిన్లు, అమైనో ఆమ్లాలు త్వరగా జారిపోతాయి. క్రేఫిష్ చేపవలె మేతను గబుక్కున మింగదు; పట్టుకొని, తిప్పి, కొద్దికొద్దిగా తుంచి తింటుంది. అందువల్ల నీటిలో నానే కాలం పెరిగి నష్టం మరింత అధికమవుతుంది.

ఆచరణలో జరిగేది మరొకటి. ఇరవై గ్రాములు చేతికి చాలనట్లు తోచి రైతు అరకిలో, కిలో చొప్పున వేస్తాడు. తినగా మిగిలినది అడుగున కుళ్లుతుంది. ఆ కుళ్లు మీద సూక్ష్మజీవులు, వాటిని తిని జంతు ప్లవకాలు, కీటక డింభకాలు వృద్ధి చెందుతాయి. వాటిని పిల్లలు తింటాయి. పిల్లలు పెరిగినది చూసి మేత పనిచేసిందని అనుకోవడం సహజం. వాస్తవానికి ఖరీదైన మేత అక్కడ ఎరువుగా పనిచేసింది. అదే పనిని పశువుల ఎరువు, తవుడు, గడ్డి అతి తక్కువ ఖర్చుతో చేయగలవు. వేసినది మితిమీరితే ప్రాణవాయువు తగ్గి పిల్లలే చనిపోతాయి. రొయ్యల చెరువులలో మేత వినియోగాన్ని కొలిచే చెక్ ట్రే కూడా ఈ దశలో సరైన సమాచారం ఇవ్వలేదు. ట్రేలోని మేత తగ్గకపోవడం పిల్లల ఆకలి లేమిని కాక, అవి ట్రే దాకా రాకపోవడాన్ని సూచించవచ్చు.

రెండు దేశాల అనుభవం

రెడ్‌క్లా స్వస్థలం ఉత్తర ఆస్ట్రేలియా, దక్షిణ న్యూగినీ నదులు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని వాకమిన్ మంచినీటి మత్స్య కేంద్రంలో క్లైవ్ జోన్స్ ఈ జాతి పిల్లల ఉత్పత్తిపై విస్తృతంగా పరిశోధించారు. 1995లో ప్రచురితమైన ఆయన పరిశోధనలో పిల్లల పోషణను, వాటికి కావలసిన ఆశ్రయాన్ని ఒకే అంశంగా తీసుకోవడం గమనార్హం. ఈ రెండింటినీ విడదీయడం సాధ్యం కాదు. కుబుసం విడిచిన పిల్ల కొంతకాలం మెత్తగా, నిస్సహాయంగా ఉంటుంది. తోటి పిల్లలకు అదే అతి సులభమైన మాంసాహారం. మేత సమృద్ధిగా ఉంటే స్వజాతి భక్షణ తగ్గుతుందే గాని ఆగదు. గుత్తులుగా కట్టిన వల ముక్కల వంటి ఆశ్రయాలు పిల్లకు దాగే తావును ఇస్తాయి. వాటి ఉపరితలం మీద పేరుకునే నాచు, సూక్ష్మజీవుల పొర ఆహారాన్ని కూడా ఇస్తుంది. ఒక్క ఏర్పాటు రెండు అవసరాలను తీరుస్తుంది.

అమెరికాలోని లూసియానా రాష్ట్రపు అనుభవం మరింత ఆసక్తికరం. అక్కడ పెంచే ఎర్ర చిత్తడి క్రేఫిష్ వేసవిలో చెరువు నీరు తీసివేసినప్పుడు బొరియలలో ఉంటుంది. ఆ కాలంలో చెరువులో వరి వేస్తారు. శరదృతువులో నీరు నింపగానే తల్లులు పిల్లలతో బయటికి వస్తాయి. ముంపులో ఉన్న వరి మొక్కలు నెలల తరబడి క్రమంగా కుళ్లుతూ ఆహార వలయాన్ని పోషిస్తాయి. మేత గుళికలు వేయడం అక్కడి సాధారణ పద్ధతి కాదు. ఎండుగడ్డిలో ఉండే మాంసకృత్తులు సుమారు 4 శాతం మాత్రమే. మేత సంచి లెక్క ప్రకారం అది పనికిరాని ఆహారం. కానీ కుళ్లే గడ్డిని బాక్టీరియా, శిలీంధ్రాలు ఆక్రమిస్తాయి. వాటిని నత్తలు, పురుగులు, సూక్ష్మ జీవులు తింటాయి. ఆ మొత్తాన్ని క్రేఫిష్ ఆరగిస్తుంది. గడ్డి ఇక్కడ ఆహారానికి పునాది.

లూసియానా పద్ధతి ఒక హెచ్చరికను కూడా ఇస్తున్నది. వెచ్చని నీటిలో గడ్డి ఒక్కసారిగా కుళ్లితే ప్రాణవాయువు పడిపోతుంది. పిల్లలకు అత్యంత అపాయకరమైన సమయం అదే. అందుకే అక్కడ నీరు చల్లబడే కాలం వరకు నింపడం వాయిదా వేస్తారు. సేంద్రియ పదార్థం ఎంత అన్నదానితో పాటు, ఎంత వేగంగా కుళ్లుతున్నది అన్నది కూడా పోషణ ప్రశ్నే.

అభ్యంతరాలు, వాటి పరిమితి

ఈ వాదనకు రెండు బలమైన అభ్యంతరాలున్నాయి. మొదటిది, సిమెంటు తొట్లలో, తిరుగు నీటి వ్యవస్థలలో పిల్లలను చిక్కగా పెంచేటప్పుడు సహజ ఆహారం దాదాపు ఉండదు. అక్కడ మేత సంపూర్ణంగా ఉండవలసిందే. కొలెస్టరాల్, ఫాస్ఫోలిపిడ్లు, విటమిన్లు, ఖనిజాలు తగు పాళ్లలో చేర్చవలసిందే. ఈ అభ్యంతరం పూర్తిగా అంగీకరించదగినది. తొట్టికి తగిన సూచనను మట్టి చెరువుకు యథాతథంగా అంటగట్టడం మాత్రమే ఇక్కడ విమర్శకు గురైన అంశం.

రెండవది, చెరువులోని సహజ ఆహారం అంతులేనిది కాదు. పిల్లల సంఖ్య అధికమైనా, వాటి బరువు పెరిగినా ప్లవకాలు, అడుగు జీవులు వేగంగా తరిగిపోతాయి. ఆ తరుణంలో అదనపు మేత వేయకపోతే పెరుగుదల ఆగి, స్వజాతి భక్షణ పెరుగుతుంది. ఇది కూడా వాస్తవమే. కావున గుళిక మేత అనవసరమని చెప్పడం సరికాదు. అది ఎప్పుడు అవసరమవుతుందో చెరువును చూసి నిర్ణయించాలి. సూక్ష్మ వలతో తీసిన నీటిని గాజు గ్లాసులో పోసి వెలుతురుకు ఎత్తి చూస్తే కదలాడే జంతు ప్లవకాలు కంటికే కనబడతాయి. నాలుగైదు రోజులకు ఒకసారి ఈ పరీక్ష చేసి, అవి పలచబడుతున్నప్పుడు మేత ప్రారంభించడం, పిల్లల బరువును అనుసరించి పెంచడం ఉచితం. ఇందుకు ఖరీదైన పరికరమేమీ అక్కరలేదు.

ప్రయోగ ఫలితాలను చదివే తీరు

విద్యార్థుల పరిశోధనలలో మేత ప్రయోగాలు అధికంగా గాజు తొట్లలో, తేట నీటిలో జరుగుతాయి. ఒక పోషకపు ప్రభావాన్ని విడదీసి చూడటానికి ఆ పద్ధతి తగినదే. కానీ ఆ ఫలితాన్ని చెరువుకు సిఫారసు చేయదలచినప్పుడు మరో మెట్టు అవసరం: ఎరువు మాత్రమే వేసి మేత వేయని చెరువును కూడా పోలికకు ఉంచాలి. ఆ పోలిక లేనంత వరకు పెరుగుదలలో మేత వాటా ఎంత, చెరువు వాటా ఎంత అన్నది తేలదు. మేత మార్పిడి నిష్పత్తి ఒకటికి లోపు వచ్చినప్పుడు దానిని మేత గొప్పతనంగా ప్రకటించే ముందు, మిగిలిన ఆహారం ఎక్కడి నుంచి వచ్చిందో విచారించాలి.

సగటు బరువు విషయంలో ఇంకొక ప్రమాదమున్నది. ఉదాహరణకు వెయ్యి పిల్లలతో మొదలైన రెండు చెరువులను ఊహించవచ్చు. ఒకదానిలో 400 మిగిలి సగటున 1.5 గ్రాములు తూగాయి. రెండవదానిలో 700 మిగిలి సగటున ఒక గ్రాము తూగాయి. సగటు మాత్రమే చూస్తే మొదటి చెరువు మేత మేలైనదిగా కనబడుతుంది. కానీ మొత్తం బరువు మొదటిదానిలో 600 గ్రాములు, రెండవదానిలో 700 గ్రాములు. పిల్లల సంఖ్యలో వ్యత్యాసం మూడు వందలు. మొదటి చెరువులోని పిల్లల బరువులో కొంత భాగం తోటి పిల్లల శరీరమే కావచ్చు. నర్సరీలో అమ్మకానికి వచ్చేది పిల్లల సంఖ్య. కనుక బ్రతికిన శాతాన్ని, పరిమాణాలలోని తేడాను చెప్పకుండా సగటు బరువును మాత్రమే చెప్పే నివేదిక రైతుకు ఉపకరించదు.

నీలకంఠ రొయ్యకు అన్వయం

హేచరీ నుంచి వచ్చే నీలకంఠ రొయ్య పిల్ల బరువు సాధారణంగా 10 మిల్లీగ్రాములకు మించదు. క్రేఫిష్ పిల్ల కంటే కూడా చిన్నది. పైన వేసిన మేత లెక్క దానికి మరింత గట్టిగా వర్తిస్తుంది. అదీ కుబుసం విడుస్తుంది, తోటి పిల్లలను తింటుంది, అడుగున తిరుగుతూ ఆహారం వెదకుతుంది. 2005-06 నాటికి దేశంలో 42 వేల టన్నులు దాటిన నీలకంఠ రొయ్య ఉత్పత్తి ఆ తర్వాత కొద్ది సంవత్సరాలలోనే బాగా క్షీణించింది. దానికి తెల్లతోక వ్యాధి, నాణ్యత తగ్గిన పిల్ల, 2009లో అనుమతి పొందిన వనామీ పోటీ వంటి అనేక కారణాలున్నాయి. మేత ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. అయితే ఈ పంటను మళ్లీ చేపట్టదలచిన చిన్న రైతు ఖర్చును తగ్గించుకోగల చోటు నర్సరీ దశ. వనామీ సాగుతో అలవాటైన గుళికల లెక్కను అక్కడ మొదటి రోజు నుంచే అమలుపరచడం ఆ అవకాశాన్ని జారవిడవడమే.

ఇందుకు కావలసిన సామగ్రి తెలుగు పల్లెలలో కొత్తగా తెచ్చుకోవలసినది కాదు. ఎండబెట్టి సున్నం చల్లిన చెరువు, మాగిన పశువుల ఎరువు, పులియబెట్టిన తవుడు, వేరుశనగ చెక్క, కొద్దిపాటి వరిగడ్డి కట్టలు, ఆశ్రయానికి తాటాకులు, కొబ్బరి మట్టలు, పాత వలలు సరిపోతాయి. నీటిని సన్నని వల గుండా వడపోసి పెట్టుకోవాలి. ఎరువు వేసిన వారం, పది రోజులలో చిన్న ప్లవకాలు, ఆపై పెద్దవి వృద్ధి చెందుతాయి. పిల్లలను అప్పుడు వదలాలి. మరీ ఆలస్యమైతే తూనీగ డింభకాలు, నీటి నల్లులు పెరిగి పిల్లలనే తింటాయి. నీటి పారదర్శకత 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఉండేలా, తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గకుండా చూసుకుంటే పోషణలో తొలి భాగం నెరవేరినట్లే.

క్రేఫిష్‌నే తెచ్చి పెంచవచ్చు గదా అన్న ప్రశ్నకు సమాధానం కూడా ఈ పోషణ స్వభావంలోనే ఉన్నది. ఏది దొరికినా తిని పెరగగలగడం పెంపకందారుకు వరం. చెరువు దాటి బయటపడినప్పుడు అదే పరిసరాలకు శాపం. 1973లో స్పెయిన్‌కు తెచ్చిన ఎర్ర చిత్తడి క్రేఫిష్ అక్కడి చిత్తడి నేలలలో, వరి పొలాలలో వ్యాపించి నీటి మొక్కలను నాశనం చేసింది. గట్లలో బొరియలు తవ్వింది. అమెరికా జాతులు మోసుకువచ్చే క్రేఫిష్ ప్లేగు ఐరోపా స్థానిక జాతులను తీవ్రంగా దెబ్బతీసింది. కాలువ గట్ల మీద ఆధారపడిన కృష్ణా, గోదావరి డెల్టాలలో ఇటువంటి ప్రాణి చేరితే దాని మూల్యం పెంపకందారు ఒక్కడే చెల్లించడు. విదేశీ జలచరాల ప్రవేశానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అన్న నిబంధన వెనుక ఉన్న కారణం ఇదే. విస్తరణ శాస్త్రవేత్త ఆ నిబంధనను తెలియజేయడంతో ఆగక, అడిగిన రైతుకు నీలకంఠ రొయ్యను ప్రత్యామ్నాయంగా చూపగలగాలి.

ప్రస్తుత సాగు సూచనలలో నర్సరీ దశకు కేటాయించే స్థలంలో అధిక భాగం మేత పట్టికదే: వారం, శరీర బరువు, మేత శాతం. ఆ పట్టిక ఉండవలసిందే. కానీ దానికి ముందు వరుసలో చెరువు సిద్ధం చేసిన తేదీ, ప్లవకాల పరిశీలన, వేసిన ఆశ్రయాల సంఖ్య, తెల్లవారుజామున ప్రాణవాయువు, వదిలిన పిల్లలలో బ్రతికిన శాతం నమోదు చేసే గడులు చేరాలి. తదుపరి సూచనలను తయారుచేసే విశ్వవిద్యాలయ విభాగాలు, వాటిని రైతు క్షేత్రాలలో పరీక్షించే విద్యార్థులు ఈ మార్పును ఒక్క సాగు కాలంపాటు అమలుచేసి చూసినా, గుళిక మేతను ఏ రోజున ప్రారంభించడం లాభకరమో రైతుకు నిక్కచ్చిగా చెప్పగల స్థితి ఏర్పడుతుంది.